మామ్మ, మంచు, దారి తప్పిన మావయ్య

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు నన్ను పండు ముసలిదాన్ని అనుకునే ప్రమాదం ఉంది. అంత లేదు. ఆ రోజులంటే మొన్న మొన్నటివే. జనం మాస్కుల్ని ముక్కు మీంచి గడ్డం కిందికి దించి, ఇక తీసి పారేయొచ్చా కూడదా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న రోజులు. అప్పుడు నాకు అన్నీ తెలుసు. ఇప్పుడు కొన్ని తెలియవని తెలిసింది కాబట్టి, మధ్యలో ఓ యుగం గడిచినట్టే లెక్క. పెళ్ళయిన కొత్తలో షార్జా వచ్చి, రోలాలో కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ళ తాలింపు మన ముక్కులోకే వచ్చే ఫ్లాట్‌లో కాపురం పెట్టాను. ఆ ఫ్లాట్ వెతికి పెట్టింది మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. దుబాయ్‌లో అల్ వర్సాన్‌లో ఓ గోడౌనుకి సూపర్‌వైజరు. ఏళ్ళ తరబడి ఇక్కడ కారు నడుపుతున్నవాడు. "ఈ దేశంలో రోడ్లన్నీ నా అరచేతిలో గీతలమ్మా, కళ్ళకు గంతలు కట్టినా రోలా వచ్చేస్తాను" అనేవాడు ఎప్పుడొచ్చినా. (ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.)

మావారు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతే నేనూ, నా ఎంబీయే డిగ్రీ ఒకరినొకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. నా ఎమిరేట్స్ కార్డు తిప్పి చూస్తే నేను ఫలానా వారి భార్యని అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. నా పేరు మీద ఓ ఉద్యోగం, మెళ్ళో ఓ బ్యాడ్జీ ఉంటే చాలని మహా కోరికగా ఉండేది. అలా వెతగ్గా వెతగ్గా దగ్గర్లోని ఓ నర్సరీలో అసిస్టెంటు పని దొరికింది. ఇంటర్వ్యూలో "పిల్లలంటే ఇష్టమేనా?" అని అడిగారు. "ప్రాణం" అన్నాను. (అప్పటిదాకా ఒక్క పిల్లవాణ్ణీ ఎత్తుకున్న పాపాన పోలేదు. మా అక్క కొడుకుని ఓసారి ఎత్తుకుంటే వాడు నా కొత్త చీర మీద తన అభిప్రాయం చెప్పాడు, అంతే.) ఆ నర్సరీ నడిపే మేనేజరమ్మని అందరూ ముదీర్ మేడం అనేవాళ్ళు. ఆవిడ మాటల్లో క్రియాపదాలు తక్కువ, యల్లాలు (అంటే కానివ్వండి అని) ఎక్కువ. "మూడు నెలలు చూస్తాం. నచ్చితే ఉద్యోగం, వీసా. నచ్చకపోతే ఖలాస్" అని చెయ్యి దులిపి చూపించింది. ఆ ఖలాస్ మూడు నెలల పాటు నా చెవిలో దోమలా తిరిగింది.

నన్ను వేసిన క్లాసు టీచర్‌ని అందరూ కెనడా మేడం అనేవాళ్ళు. కెనడా అంటే బంగారు జుట్టూ నీలికళ్ళూ ఊహించుకుని, అద్దం ముందు ఇంగ్లీషు సాధన చేసుకుని మరీ వెళ్ళాను. చూస్తే ఏముంది! చామనచాయ, గుండ్రటి మొహం, నడుం దాటిన నల్లటి జడ. అచ్చం అమలాపురంలో మా పిన్ని. ఉండబట్టలేక "మీరు ఇండియనా?" అని అడిగేశాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. "కొన్ని వందల ఏళ్ళు మమ్మల్నీ అలాగే పిలిచారు. ఎవరో మీ ఊరికని ఓడలో బయల్దేరి, దారి తప్పి మా వైపు వచ్చారు. వచ్చింది మీ దేశమే అనుకుని మాకు మీ పేరు పెట్టేశారు" అంది. తన వాళ్ళని ఓజిబ్వే అంటారట. పెద్ద పెద్ద సరస్సుల ఒడ్డున, చలికాలమంతా మంచు కప్పుకుని ఉండే చోట వాళ్ళ ఊరు. నాకప్పటిదాకా ఆ పేరే తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటపడి, అన్నీ తెలిసినట్టు గంభీరంగా తలాడించాను. ఆవిడకు అర్థమైపోయింది, అయినా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య.

పిల్లలు పడుకున్నాక వాళ్ళ బూట్లు జతలు కలుపుతూ ఆవిడ చెప్పేది, నేను వినేదాన్ని. వాళ్ళ ఊళ్ళో చంటిపిల్లల బడిలో టీచర్లతో పాటు ఓ పెద్దావిడో పెద్దాయనో తప్పకుండా ఉంటారట. వాళ్ళకు పాఠం ఉండదు, గంట ఉండదు. ఓ మూల కూర్చుని తమ పని తాము చేసుకుంటారు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి ఒళ్ళో దూరతారు. ఆ పెద్దవాళ్ళు తమ భాషలోనే మాట్లాడతారు. చేప పేరు, చెట్టు పేరు, గాలి పేరు అలా పిల్లల చెవిన పడతాయి. ఈవిడ అమ్మమ్మ కాలంలో పిల్లల్ని ఇళ్ళ నుంచి ఎత్తుకెళ్ళి హాస్టలు బళ్ళలో పెట్టి, సొంత భాషలో మాట్లాడితే కొట్టేవాళ్ళట. ఆ దెబ్బల భయంతో వాళ్ళు తమ పిల్లలకు భాష నేర్పలేదు, అందుకని మధ్యలో ఓ తరం నోట మాట ఆగిపోయింది. అమ్మమ్మలకు వచ్చు, మనవలకు కావాలి, మధ్యవాళ్ళకు రాదు. "అందుకే అమ్మమ్మల్ని తెచ్చి నేరుగా పిల్లల మధ్య కూర్చోబెట్టాం" అంది. ఈవిడ అమ్మమ్మ కూడా అలా బడి మూల కూర్చుని అడవి బియ్యం చెరిగేదట. అది సరస్సు నీళ్ళలో దానంతటదే పండుతుంది. కరోనా చలికాలంలో ఆ అమ్మమ్మ పోయింది. విమానాలు లేక ఈవిడ వెళ్ళలేకపోయింది. ఆ మాట చెప్పి, ఓ చిన్న ఎర్రబూటుకి జత దొరక్కపోతే చాలాసేపు దానికోసం వెతికింది. అది నా చేతిలోనే ఉంది. ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు.

ఓ రోజు ఆవిడ ముదీర్ మేడం దగ్గరికి వెళ్ళి, మన క్లాసుకీ ఓ పెద్దావిడ కావాలని అడిగింది. "జీతం?" అంది ముదీర్ మేడం. "అక్కర్లేదు." "అయితే యల్లా!" ఇక మేమిద్దరం పెద్దావిడ కోసం తెగ ఆలోచించాం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా ఇంట్లోనే విజిట్ వీసా మీద వచ్చి మా బాల్కనీలో పావురాలతో తగువు పెట్టుకుంటున్న మా అత్తగారు నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చాక ఆ ఆలోచనే వద్దనుకున్నాను. ఎందుకంటే కెనడా మేడం వర్ణించిన పెద్దావిడ మితభాషి, శాంతమూర్తి, ఎవరినీ ఇది చెయ్యి అది చెయ్యకు అనని మనిషి. మా అత్తగారు నిద్రలో కూడా ఎవరికో ఒకరికి పని పురమాయిస్తారు. పైగా అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. ఇంట్లో ఉన్న అత్తని ఉద్యోగంలోకి కూడా తీసుకెళ్ళిన కోడల్ని ఏమనాలో మన పెద్దలు చెప్పలేదు.

అయినా నోరు జారాను. కెనడా మేడం కళ్ళు మెరిశాయి. "నేనే వచ్చి అడగాలి, పద్ధతి ఉంది" అని ఆ శుక్రవారం మా ఫ్లాట్‌కి వచ్చింది. వచ్చి, మా అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుని, ఎర్రటి గుడ్డలో కట్టిన చిన్న మూట రెండు చేతులతో అందించింది. మా అత్తగారు విప్పి వాసన చూశారు. పొగాకు!

"ఏంటే అమ్మాయ్ ఇదీ? నన్ను చూస్తే చుట్ట కాల్చేదాన్లాగ కనపడ్డానా ఈవిడికి?" అన్నారు నావైపు తిరిగి. "మీ మావగారు బీడీ ముట్టుకుంటేనే వారం రోజులు మాటాళ్ళేదు నేను!"

కెనడా మేడంని అడిగితే, వాళ్ళల్లో పెద్దవాళ్ళను ఏదైనా కోరాలంటే ముందు పొగాకు ఇచ్చి, తర్వాత కోరిక చెబుతారట. పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టు, పుచ్చుకోకపోతే లేదు. కాల్చడానికి కాదు, గౌరవానికి. నేను ఓ క్షణం ఆలోచించి, "తాంబూలం అత్తయ్యా! మనం ఆకూ వక్కా ఇచ్చి పిలుస్తాం కదా, అలాంటిదే" అన్నాను.

"అలా చెప్పు మరి" అని మా అత్తగారు వెంటనే పమిట సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. మూట కళ్ళకద్దుకుని పక్కన పెట్టారు. అంతటితో ఊరుకుంటారా? లేచి వెళ్ళి కెనడా మేడంకి బొట్టు పెట్టి, నేను దాచుకున్న జాకెట్టు ముక్కా, రెండు అరటిపళ్ళూ చేతిలో పెట్టారు. "ఇంత మర్యాద తెలిసిన పిల్ల. దీనికి తగిన పెళ్ళికొడుకు మనూళ్ళో ఎవరూ లేరూ?" అన్నారు. "తాంబూలం పుచ్చుకున్నాను కదా, ఇక మాట తప్పేది లేదు. ఏం చెయ్యాలో అడుగు." ఆ జాకెట్టు ముక్క పోయినందుకు నాకు కొంచెం బాధగానే ఉంది, కానీ ఉద్యోగం ముందు జాకెట్టెంత!

ఆ రాత్రి నేను మా అత్తగారికి తర్ఫీదు ఇచ్చాను. నేను! "అత్తయ్యా, మీరు అక్కడ ఎక్కువ మాట్లాడకూడదు. పిల్లల్ని గదమకూడదు. ఏదీ నేర్పకూడదు. ఊరికే కూర్చోవాలి."

"ఊరికే కూర్చోడానికి నేనెందుకే? దిష్టిబొమ్మని కట్టుకో" అన్నారు ఆవిడ. కానీ మాట ఇచ్చారు కదా, సెలవులయ్యి బడి తెరవగానే వచ్చి మూల కుర్చీలో మూతి బిగించుకుని కూర్చున్నారు. అది నామీద అలక అని నాకు తెలుసు. కెనడా మేడం మాత్రం "ఎంత లోతైన మౌనం!" అని మురిసిపోయింది. రెండో రోజుకి ఆ లోతు చూసి నాకే భయమేసింది. మూడో రోజు ఆవిడ ఇంటి నుంచి చాట పట్టుకొచ్చారు. (అమలాపురం నుంచి పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చిన చాట అది. ఎయిర్‌పోర్టులో విప్పించి చూసినవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, తలమీద పెట్టుకుని చూసి, అర్థంగాక ఇచ్చేశాడట.) ఇక్కడి బియ్యంలో రాయీ రప్పా ఉండవు. "రాళ్ళు లేని బియ్యం ఏం బియ్యమే, చేతికి పనేదీ?" అని బియ్యంలో ఆవిడే ఇన్ని పెసలూ, ఇంత కందిపప్పూ కలిపేసి, మళ్ళీ వేరు చెయ్యడానికి కూర్చున్నారు. చాటని ఓ పక్కకి వంచి, ఎగరేసి, వేలితో టకటకా కొట్టి చెరిగే ఆ చప్పుడికి క్లాసు క్లాసంతా అటు తిరిగింది. కెనడా మేడం చేతిలో ఉన్న బొమ్మలపుస్తకం కింద పెట్టేసింది. వాళ్ళ అమ్మమ్మ చాట ఓ చెట్టు బెరడుతో చేసిందట. కానీ చెయ్యి ఊపడం ఇదేనట, చప్పుడు ఇదేనట. ఆవిడ గబగబా వెళ్ళి మా అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది. చూస్తుండగానే పిల్లలందరూ కూర్చున్నారు. మిగిలింది నేనూ, నా రంగు కాగితాల పాఠమూ.

అప్పటి నుంచి మా అత్తగారి మౌనవ్రతం గాలికి పోయింది. ఎవరి భాష ఏదైనా ఆవిడ తెలుగే. "ఒరేయ్ బాబూ, ముక్కు", "నీ చెయ్యి కాదమ్మా, చిటికెనేలు పెట్టు", "అదిగో పెసరగింజ, పట్టుకో పట్టుకో". పిల్లలు ఆవిణ్ణి మామ్మ అన్నారు. అరబ్బు పిల్ల, మలయాళం పిల్లాడు, లాహోరు కవలలు, అందరికీ మామ్మే. పెసలు అన్నారు, కందిపప్పు అన్నారు. ఓ రోజు ఒక తల్లి వచ్చి మా అబ్బాయి ఇంట్లో "చాట చాట" అంటున్నాడు, అదేమిటి అని అడిగింది. నాకూ కెనడా మేడంకీ మధ్య ఓ కొత్త అలవాటు పడింది. మామ్మ ఏం చేసినా ఆవిడ "ఎందుకలా?" అని నన్నడుగుతుంది. నాకు తెలియదు. నేను మా అత్తగారిని అడుగుతాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే, ఒక్కటీ నేనెప్పుడూ ఎందుకని అడగలేదు. అరటిపండు రెండుగా తుంచి ఎందుకు పెట్టాలో, నేలమీద పడ్డ గింజ తొక్కకుండా ఎందుకు తియ్యాలో ఆ నెలలోనే తెలుసుకున్నాను. కెనడా నుంచి ఒకావిడ వచ్చి అడిగితే తప్ప!

సరిగ్గా అంతా రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు ఉందనుకుంటుండగా ముదీర్ మేడం బోర్డు మీద ఓ కాగితం అంటించింది. వచ్చే వారం పొద్దున పదింటికి తల్లిదండ్రులందరి ముందు మామ్మ కథ చెబుతుందని! నా మూడు నెలలూ ఆ వారంతోనే పూర్తి. "కథ బాగుంటే నీ వీసా. బాగోలేకపోతే..." అని మళ్ళీ చెయ్యి దులిపింది. నేను ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళి చెప్పాను. మా అత్తగారు పేలాలపొడి కలుపుతున్న చెయ్యి ఆపేశారు.

"పగలా? కథా? కుదరదు."

"అదేంటి అత్తయ్యా, మీకు వందల కథలు వచ్చు కదా!"

"వస్తే? పగలు కథ చెబితే మేనమామలు దారి తప్పుతారు. మా అమ్మ చెప్పింది, మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. నాకైతే అన్నదమ్ముల్లేరు, మావాడికి మేనమామ బెంగ లేదు. ఆ క్లాసులో ఇరవైమంది పిల్లలున్నారే! ఎవడి మేనమామ ఏ విమానంలో ఉన్నాడో, ఏ ఓడలో ఉన్నాడో. ఇంతమంది మేనమామల పాపం నాకొద్దు."

కర్టెన్లు వేసి చీకటి చేద్దామన్నాను. "సూరీడికి గంతలు కట్టలేక నాకు కడతావా?" అన్నారు. మావారిని పిలిస్తే ఆయన ఆఫీసు పని గుర్తొచ్చి బాత్రూంలోకి వెళ్ళిపోయారు. మర్నాడు ఏడుపు మొహంతో కెనడా మేడం దగ్గరికి వెళ్ళి, "మా అత్తగారిది మూఢనమ్మకం, మీరే ఓ కథ చెప్పి నన్ను గట్టెక్కించండి" అన్నాను. విని ఆవిడ చాలా గంభీరంగా అంది, "మీ అత్తగారు చెప్పింది సరైనదే. మా పెద్ద కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. మిగతా కాలాల్లో జంతువులు మేలుకుని తిరుగుతుంటాయి, వాటి గురించి అవి వింటుండగా చెప్పుకోవడం మర్యాద కాదు. అందుకే ఇన్నాళ్ళయినా ఈ పిల్లలకు నేను మా అమ్మమ్మ కథ ఒక్కటీ చెప్పలేదు." షార్జాలో మంచు ఎప్పుడు పడుతుంది, నా ఉద్యోగం ఎప్పుడు నిలబడుతుంది! ఒకావిడకి చీకటి కావాలి, ఒకావిడకి మంచు కావాలి, ముదీర్ మేడంకి పదింటికి కావాలి. మధ్యలో నేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పైన ఎండ.

పైగా మా అత్తగారికి కెనడా మేడం నియమం చెబితే ఎంత పొంగిపోయారో! "చూశావా? సముద్రాల అవతలోళ్ళకి కూడా తెల్సు. నీకే తెలీదు." ఆ దారి తప్పిన ఓడ సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆవిడ బుగ్గన వేలేసుకుని, "మరేం! ఆ ఓడాయన మేనల్లుడికి ఎవరో పట్టపగలు కథ చెప్పుంటారు" అని తేల్చేశారు. కెనడా మేడంకి అనువాదం చేస్తే ఆవిడ కుర్చీలోంచి జారిపోయేటట్టు నవ్వింది. ఇంతవరకూ ఎవరూ చెప్పని కారణం, అన్నిటికన్నా నమ్మదగ్గది ఇదేనంది.

ఆ రోజు రానే వచ్చింది. తల్లిదండ్రులు గోడవారన నిలబడ్డారు, ఫోన్లు పైకి లేచాయి. మావయ్యని కూడా పిలిచాను. స్వీట్లు పట్టుకుని అల్ వర్సాన్ నుంచి బయల్దేరానని ఫోను చేశాడు. ముదీర్ మేడం చేతిగడియారం చూసి "యల్లా, మామ్మా, స్టోరీ!" అంది. మామ్మ చక్కగా నవ్వి చాట ముందు పెట్టుకున్నారు. గింజలు కలిపారు. టక్ టక్ టక్. "స్టోరీ?" అంది ముదీర్ మేడం నా వైపు తిరిగి. ఆ చూపులో నా బ్యాడ్జీ గాలికి ఎగిరిపోవడం కనిపించింది. ఇక ఆగలేకపోయాను. గది మధ్యలోకి వెళ్ళి, "కథ నేను చెబుతాను! అనగనగా చెప్పులు కొనుక్కోవాలనుకున్న ఓ మేక..." అని అందుకున్నాను. అప్పటికప్పుడు అల్లిందే. మా అత్తగారి చెయ్యి ఆగింది. "వద్దే అమ్మాయ్" అన్నారు మెల్లిగా. నేను వినలేదు. మేకకి నాలుగు కాళ్ళు కాబట్టి కొట్టువాడు రెండు జతలు కొనాలన్నాడు. మేక బేరం మొదలుపెట్టింది. నా కథ నాకే బాగా నచ్చుతోంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి చాట దగ్గరికి వెళ్ళిపోతున్నారని కూడా గమనించలేదు.

అంతలో నా ఫోను మోగింది. మావయ్య. మోగీ మోగీ ఆగింది, మళ్ళీ మోగింది. ఏమైందోనని ఎత్తితే, కంగారులో వేలు తగిలి స్పీకరు మీద పడింది. గది మొత్తం వినబడేలా మావయ్య గొంతు:

"అమ్మాయ్, నేనెక్కడున్నానంటావ్? రోలా ఎగ్జిట్ ఎప్పుడు పోయిందో తెలీదు. అజ్మాన్ దాటేసినట్టున్నాను. ఇటు ఒంటెలు కనపడుతున్నాయే అమ్మా!"

మా అత్తగారు చాట పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. "కథ ఆపు ముందు!" అన్నారు. నేనాపేశాను. మేక కొట్టు ముందే నిలబడిపోయింది. వెంటనే, "ఆఁ, దొరికింది దొరికింది, వెనక్కి తిరిగే దారి బోర్డు కనపడింది, వచ్చేస్తున్నా" అన్నాడు మావయ్య. నేను ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. గోడవారనున్న మలయాళం తల్లి విషయం కనుక్కుని, మెల్లిగా బయటకు వెళ్ళి వాళ్ళ తమ్ముడికి ఫోను చేసుకుంది. కెనడా మేడం మాత్రం ఏమీ ఆశ్చర్యపడకుండా, ఇది మామూలేనన్నట్టు తలాడించింది.

ఈ లోపల అక్కడ చాట ఖాళీగా దొరికింది కదా, పిల్లలు దాన్ని పట్టుకున్నారు. దొరకనివాళ్ళు భోజనం పళ్ళేలు పట్టుకున్నారు. ఇరవైమందీ కలిసి చెరగడం మొదలుపెట్టారు. బియ్యం పైకి లేచింది, పెసలు ముదీర్ మేడం జుట్టులో పడ్డాయి, కందిపప్పు ఏసీ గాలికి తల్లుల బ్యాగుల్లోకి పోయింది. నేను చీపురు కోసం వెతికాను. మామ్మ మాత్రం "చిటికెనేలు, చిటికెనేలు పెట్టండర్రా!" అని కేకేశారు. ఇరవై చిటికెన వేళ్ళు పళ్ళేల కింద చేరాయి. టక్ టక్ టక్. అందరూ కిందపడ్డ గింజలు తొక్కకుండా ఏరారు. ఎవరూ చెప్పలేదు. ఓ తండ్రి, మంచి సూటు వేసుకున్నాయన, మోకాళ్ళ మీద కూర్చుని పెసలు ఏరుతూ, మావాడి నాయనమ్మ కూడా విజిట్ మీద వచ్చింది, తీసుకురావచ్చా అని అడిగాడు. ఆయన తర్వాత ఇంకొకరు అడిగారు.

ముదీర్ మేడం జుట్టులోంచి పెసరగింజ తీసి, దాన్ని కాసేపు చూసి, నన్ను తన గదిలోకి పిలిచింది. మేక కథ గురించి ఒక్క మాట అనలేదు. (ఈరోజుకీ ఎవరూ అనలేదు.) "నువ్వు ఉంటావు. మామ్మ మాట అర్థం కావాలి కదా" అంది. అంటే నా వీసా నా ఎంబీయేకి రాలేదు, నా మేకకీ రాలేదు. అత్తగారి మాటని ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడానికి వచ్చింది. ఇది చాలామంది కోడళ్ళు జీతం లేకుండా చేసే పనే. ఎలాగో దారి పట్టుకుని సాయంత్రానికి మావయ్య స్వీట్లతో ఇంటికి చేరితే, మా అత్తగారు గుమ్మంలోనే దిష్టి తీసి, "నీ మేనకోడలు నిన్ను ఒంటెల్లో కలిపేసేది నాయనా" అన్నారు. మావయ్య ఆ తర్వాత కళ్ళకు గంతల మాట ఎత్తలేదు. నాకు పొట్ట చెక్కలయ్యే నవ్వూ వచ్చింది, ఎందుకో భయమూ వేసింది.

డిసెంబరు సెలవులకు కెనడా మేడం వాళ్ళ ఊరు వెళ్ళింది. ఓ రోజు వీడియో కాల్ చేసి, "ఇక్కడ పొద్దున్న. మోకాలు లోతు మంచు ఉంది. అక్కడ చీకటి పడిందా?" అని అడిగింది. కిటికీలోంచి చూశాను. రోలాలో దీపాలు వెలిగాయి, మసీదులో పొద్దుగూకేటప్పటి మగ్రిబ్ అజాన్ అయిపోయి చాలాసేపయింది. అక్కడ మంచు, ఇక్కడ చీకటి! ఒకరి నియమం ఒకరికి అడ్డం కాని ఘడియ. గబగబా పిల్లల ఇళ్ళకు మెసేజిలు పెట్టాను. తెర మీద చిన్న చిన్న గళ్ళలో పిల్లలందరూ చేరారు. కెనడా మేడం పక్కన ఓ ముసలావిడ ఉంది, వాళ్ళ అమ్మమ్మకి చెల్లెలు. ఆవిడ ఒళ్ళో బెరడు చాట. మా అత్తగారు లోపలికి వెళ్ళి తన చాట తెచ్చి తెరకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నారు. ఆవిడా ఎత్తి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు అలాగే ఒకరి చాట ఒకరు పరిశీలించుకున్నారు. "అల్లిక బాగుందే" అన్నారు మా అత్తగారు. అవతలావిడ కూడా ఏదో అంది, కెనడా మేడం నవ్వి, ఆవిడా ఇదే మాట అందని చెప్పింది.

ఆ ముసలావిడ తన భాషలో కథ చెప్పింది, కెనడా మేడం ఇంగ్లీషులో చెప్పింది, నేను మా అత్తగారికి తెలుగులో చెప్పాను. తర్వాత మా అత్తగారు చెబితే అది అదే దారిన వెనక్కి వెళ్ళింది. కెనడా మేడం మధ్యలో ఓసారి ఆగిపోయి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మమ్మ ఆ కథని సగంలో ఆపి, మిగతాది వచ్చే చలికాలంలో చెబుతానందట. మిగతా సగం కెనడా మేడం కూడా ఆ రోజే విన్నది. ఆ కథ ఏమిటో ఇక్కడ రాయమంటారా? క్షమించాలి. నేనిది రాస్తున్నది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. మంచు సంగతి సరేసరి, ఏసీ కూడా సరిగా పని చెయ్యడం లేదు.

ఇప్పుడు నేనే క్లాసు టీచర్ని. మెళ్ళో బ్యాడ్జీ ఉంది, నా పేరే ఉంది. కెనడా మేడం వాళ్ళ ఊరి బడికి వెళ్ళిపోయింది. మా అత్తగారు అమలాపురం నుంచి ఏడాదికోసారి వచ్చి మూల కుర్చీ దులిపించుకుని కూర్చుంటారు. నాకో కూతురు. దానికి మూడేళ్ళు నిండాయి. అన్నిటికీ "ఎందుకు?" అంటుంది. పొద్దున పాలు తాగనని భీష్మించుకుని, కథ చెబితేనే తాగుతానంటుంది. నేను చదువుకున్నదాన్ని, దారులు చూపించే ఫోన్లున్న కాలపుదాన్ని, ఇలాంటివి నమ్మనని పదిమందిలో చెప్పే మనిషిని. అయినా దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముందు ఫోను తీసి మా తమ్ముడికి కొడతాను. దానికి వాడే మేనమామ. వాడు హైదరాబాదులో ఉంటాడు, ఈపాటికి అలవాటు పడిపోయాడు. హలో కూడా అనడు.

"ఇంట్లోనే ఉన్నానక్కా, బండి తాళాలు కూడా గూట్లో పెట్టేశాను. చెప్పుకో."

అప్పుడు మొదలుపెడతాను. అనగనగా, చెప్పులు కొనుక్కోవాలనుకున్న ఓ మేక.